తలుపులన్నీ తెరిస్తే మరమ్మతు అయినట్లేనా?

మీ కాలేజీ వార్షికోత్సవ పోటీలకు పేర్లు నమోదు చేసుకోవడానికి మీరొక వెబ్ పేజీ తయారు చేశారనుకోండి. విద్యార్థి పేరు, రోల్ నంబరు, ఫోన్ నంబరు టైపు చేస్తే అవి ఒక డేటాబేసులో చేరాలి. మీ సొంత కంప్యూటరులో అంతా సవ్యంగానే నడిచింది. అదే పేజీని కాలేజీ సర్వరులోకి ఎక్కించి తెరిచేసరికి తెరమీద ఒక చిన్న వాక్యం కనిపించింది: 'పర్మిషన్ డినైడ్'. అంటే అనుమతి లేదు అని. ఇప్పుడు మీరేం చేస్తారు?

చాలామంది చేసే పని ఒకటే. సర్వరులో లినక్స్ ఉంటే ఆ ఫోల్డరుకు 777 అనే అంకె తగిలిస్తారు. విండోస్ ఉంటే 'ఎవ్రీవన్' అనే పేరుకు 'ఫుల్ కంట్రోల్' అని టిక్కు పెడతారు. రెండింటి అర్థమూ ఒకటే: అందరికీ అన్ని హక్కులూ. పేజీ తెరుచుకుంటుంది, పని అయిపోయిందని లేచిపోతారు. సీనియర్లు జూనియర్లకు నేర్పే మొదటి చిట్కాల్లో ఇదొకటి.

ఈ చిట్కాను ఈసారి పరీక్షకు పెడదాం. అది ఎందుకు పనిచేస్తుంది? పనిచేస్తూనే ఏమి చెడగొడుతుంది? అసలు విద్యార్థిని దానివైపు నెట్టేది ఎవరు? 'అనుమతి లేదు' అన్న మాటను చాలామంది ఒక జబ్బుగా చూస్తారు. నిజానికి అది ఒక ప్రశ్నకు వచ్చిన జవాబు. ఎవరో, ఏదో పని, ఎక్కడో చేయబోయారు, కంప్యూటరు వద్దంది. ఆ ఎవరు, ఏ పని, ఎక్కడ అన్న మూడూ తెలుసుకోకుండా ఇచ్చే అనుమతిని మరమ్మతు అనలేం. అలాగని తప్పంతా విద్యార్థిదే అనడమూ న్యాయం కాదు. ఆ మూడు సంగతులనూ దాచిపెట్టే ఎర్రరు సందేశాలు రాసినవారికీ ఇందులో వాటా ఉంది.

పేజీని తెరిచేది ఎవరు?

కొన్ని పెద్ద గ్రంథాలయాల్లో పాఠకులను పుస్తకాల గదిలోకి రానివ్వరు. మీరు కౌంటరు దగ్గర చీటీ రాసి ఇస్తే, అటెండరు లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చి ఇస్తాడు. వెబ్ సర్వరు సరిగ్గా ఆ అటెండరు లాంటిది. మీరు బ్రౌజరులో టైపు చేసే చిరునామా మీరిచ్చే చీటీ. లోపలికి వెళ్లి ఫైలు తెరిచేది మీరు కాదు, సర్వరు.

ఇక్కడే మొదటి చిక్కు ఉంది. మీ సొంత కంప్యూటరులో ప్రోగ్రాము నడిపినప్పుడు అది మీ పేరుతో, మీ హక్కులతో నడుస్తుంది. సర్వరులో అలా కాదు. అక్కడ వెబ్ సర్వరుకు తనదంటూ ఒక ఖాతా ఉంటుంది. డెబియన్, ఉబుంటు లినక్సుల్లో అపాచీ సర్వరు 'డబ్ల్యు డబ్ల్యు డబ్ల్యు - డేటా' అనే ఖాతాతో పనిచేస్తుంది. రెడ్‌హ్యాట్ లినక్సులో ఆ ఖాతా పేరు 'అపాచీ'. మైక్రోసాఫ్ట్ వారి ఐఐఎస్ సర్వరులో చాలాకాలం పాటు ఊరూ పేరూ చెప్పని సందర్శకుల తరఫున 'ఐయూఎస్ఆర్' అనే మాటతో మొదలై, కంప్యూటరు పేరుతో ముగిసే ఖాతా ఉండేది. 2009లో వచ్చిన ఐఐఎస్ 7.5 నుంచి ఒక్కొక్క అప్లికేషన్ పూల్‌కు విడిగా ఒక గుర్తింపు ఇవ్వడం మామూలైంది.

ఈ ఖాతాలకు కావాలనే తక్కువ హక్కులు ఇస్తారు. ఎందుకంటే కౌంటరు దగ్గరికి ఎవరైనా రావచ్చు, ఏ చీటీ అయినా ఇవ్వవచ్చు. అటెండరు చేతిలో గ్రంథాలయం మొత్తం తాళాలు ఉంటే, మాయమాటలతో రాసిన ఒక్క చీటీ చాలు, కొంప మునుగుతుంది. కాబట్టి 'నా కంప్యూటరులో పనిచేసింది, సర్వరులో పనిచేయలేదు' అన్నప్పుడు ఆశ్చర్యపోనక్కరలేదు. రెండుచోట్లా ఆ పని చేస్తున్న మనిషి వేరు.

చదివేవారిని దారి తప్పించిన ఒక సందేశం

ఇప్పుడొక పాత కేసు చూద్దాం. 1996 చివరలో మైక్రోసాఫ్ట్ సంస్థ ఐఐఎస్ సర్వరుతో పాటు ఏఎస్‌పీ అనే పద్ధతిని తెచ్చింది. డేటాబేసులోంచి వివరాలు తీసి అప్పటికప్పుడు పేజీ తయారు చేయడం దీనివల్ల తేలికైంది. నేర్చుకునేవారు ఎక్కువగా వాడిన డేటాబేసు మైక్రోసాఫ్ట్ యాక్సెస్. అది ఒకే ఒక ఫైలు, చివర 'ఎండీబీ' అని ఉంటుంది. దాన్ని సర్వరులోకి కాపీ చేస్తే చాలు.

పేర్ల జాబితా చూపించే పేజీ బాగానే వచ్చేది. కొత్త పేరు చేర్చే పేజీ మాత్రం ఆగిపోయేది. అప్పుడు కనిపించే సందేశం: 'ఆపరేషన్ మస్ట్ యూజ్ యాన్ అప్‌డేటబుల్ క్వెరీ'. మార్పులు చేయడానికి వీలున్న క్వెరీనే వాడాలి అని దీని భావం.

ఈ వాక్యాన్ని ఒక పరీక్షాపత్రం దిద్దినట్లు దిద్దండి. ఎవరు? చెప్పలేదు. ఎక్కడ? చెప్పలేదు. ఏ పని ఆగింది? అదీ సూటిగా చెప్పలేదు. పైగా తప్పు మీరు రాసిన క్వెరీలో ఉందన్నట్లు వేలు చూపిస్తోంది. ఇది చదివిన విద్యార్థి పాపం తన క్వెరీని పదిసార్లు తిరగరాస్తాడు. క్వెరీలో ఏ దోషమూ ఉండదు.

అసలు సంగతి ఏమిటంటే, యాక్సెస్ డేటాబేసును తెరిచినప్పుడు అదే ఫోల్డరులో మరో చిన్న ఫైలు పుడుతుంది. దాని చివర 'ఎల్‌డీబీ' అని ఉంటుంది. 2007లో వచ్చిన కొత్త రకం యాక్సెస్ ఫైళ్లకైతే ఆ చివరి మాట 'ఎల్ఏసీసీడీబీ'. ఇద్దరు ఒకేసారి ఒకే వరుసను దిద్దకుండా, ఎవరెవరు డేటాబేసు వాడుతున్నారో అందులో రాసుకుంటారు. గ్రంథాలయంలో పుస్తకం తీసినచోట 'ఈ పుస్తకం ఫలానావారి దగ్గర ఉంది' అని చీటీ పెట్టడం లాంటిదన్నమాట. సర్వరు ఖాతాకు డేటాబేసు ఫైలులో రాసే హక్కు ఉన్నా, ఆ ఫోల్డరులో కొత్త చీటీ పెట్టే హక్కు లేకపోతే యాక్సెస్ ఆ ఫైలును చదవడానికి మాత్రమే తెరుస్తుంది. అందుకే చూపించే పేజీ నడిచింది, చేర్చే పేజీ ఆగింది.

ఆ సందేశానికి ఇదొక్కటే కారణం కాదు. సీడీలోంచి కాపీ చేసిన ఫైలుకు 'రీడ్ ఓన్లీ' గుర్తు అలాగే ఉండిపోతే అప్పుడూ ఇదే వాక్యం వచ్చేది. కొన్ని మొత్తాలు లెక్కకట్టే క్వెరీలను నిజంగానే మార్చడానికి వీలుండదు. వాటికీ ఇదే వాక్యం. మూడు వేర్వేరు రోగాలకు ఒకే పేరు పెడితే వైద్యం ఎలా కుదురుతుంది? విసిగిపోయిన విద్యార్థి చివరికి 'ఎవ్రీవన్ - ఫుల్ కంట్రోల్' టిక్కు పెట్టాడంటే ఆశ్చర్యమేముంది?

సరైన వైద్యం చిన్నదే. డేటాబేసు కోసం విడిగా ఒక ఫోల్డరు తయారు చేయాలి. దాన్ని వెబ్ ఫోల్డరు బయట పెట్టాలి. సర్వరు ఏ ఖాతాతో నడుస్తోందో చూసి, ఆ ఒక్క ఖాతాకు, ఆ ఒక్క ఫోల్డరు మీద మార్పులు చేసే హక్కు ఇవ్వాలి. అంతే. 'వెబ్ ఫోల్డరు బయట' అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. ఎండీబీ ఫైలు వెబ్ ఫోల్డరులోనే ఉంటే, దాని చిరునామా ఊహించగలిగినవారు బ్రౌజరులో టైపు చేసి మొత్తం డేటాబేసును దించుకునే ప్రమాదం ఉంది.

777లో ఏముంది?

యాక్సెస్ కథ పాతదే. కానీ అదే తిరకాసు ఇవాళ మీరు ప్రాజెక్టుల్లో వాడే ఎస్‌క్యూ లైట్ డేటాబేసులోనూ ఉంది. 2000లో రిచర్డ్ హిప్ తయారు చేసిన ఈ డేటాబేసు కూడా ఒకే ఫైలులో ఉంటుంది. ఏదైనా మార్పు చేసేటప్పుడు కరెంటు పోయినా పాత వివరాలు చెడకుండా, అదే ఫోల్డరులో 'జర్నల్' అనే తాత్కాలిక ఫైలు రాసుకుంటుంది. కాబట్టి దీనికీ ఫోల్డరులో రాసే హక్కు కావాలి. ఆ హక్కు లేకపోతే 'ఎటెంప్ట్ టు రైట్ ఎ రీడ్ ఓన్లీ డేటాబేస్' అంటుంది. చదవడానికి మాత్రమే ఉన్న డేటాబేసులో రాయబోయారు అని అర్థం. మీరేమో ఫైలు వైపు చూస్తారు. ఫైలుకు రాసే హక్కు ఉంటుంది. తప్పు ఫోల్డరులో ఉంది, సందేశం మాత్రం డేటాబేసు పేరు చెబుతోంది.

దీన్ని అర్థం చేసుకోవాలంటే యూనిక్స్ హక్కుల లెక్క తెలియాలి. చాలా సులువు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఈ మూడూ కూడితే 7. హక్కుల అంకెలో మూడు స్థానాలుంటాయి: మొదటిది ఫైలు సొంతదారుకు, రెండోది అతని గ్రూపుకు, మూడోది మిగిలిన వాళ్లందరికీ. 640 అంటే సొంతదారు చదవవచ్చు, రాయవచ్చు, గ్రూపు చదవవచ్చు, ఇతరులకు ఏమీ లేదు. 777 అంటే ముగ్గురికీ అన్నీ.

ఫోల్డరు విషయంలో ఈ మాటల అర్థం కొంచెం మారుతుంది. ఫోల్డరుకు 'చదవడం' అంటే అందులో ఏయే ఫైళ్లున్నాయో జాబితా చూడడం. 'రాయడం' అంటే అందులో ఫైళ్లు పుట్టించడం, తీసేయడం. 'నడపడం' అంటే ఆ ఫోల్డరు గుండా లోపలికి నడిచి వెళ్లడం. నాలుగు గదులు దాటి వెళ్లాల్సిన పుస్తకానికి, ఏ ఒక్క గదిలోనుంచి నడిచే హక్కు లేకపోయినా అటెండరు ఆగిపోతాడు. పుస్తకం మీద ఎన్ని హక్కులున్నా లాభం లేదు. డేటాబేసు ఫైలుకు 777 ఇచ్చినా 'అనుమతి లేదు' పోకపోవడానికి కారణం తరచుగా ఇదే. అప్పుడు ఏం చేస్తారు? ఫోల్డరుకు 777, దాని పై ఫోల్డరుకు 777, ఇంకా కుదరకపోతే లోపలున్న ప్రతి ఫైలుకూ 777. ఎక్కడో ఒకచోట తలుపు తెరుచుకుంటుంది. ఏ తలుపు మూసి ఉందో మాత్రం చివరికీ తెలియదు.

సరైన పద్ధతిలో ఇదే పనిని ఇలా చేయవచ్చు. డేటాబేసు ఫోల్డరును వెబ్ ఫోల్డరు బయట పెట్టి, సర్వరు ఖాతా ఉన్న గ్రూపుకు అప్పగించండి. ఫోల్డరుకు 770, అందులోని డేటాబేసు ఫైలుకు 660 ఇవ్వండి. మీరు రాసిన ప్రోగ్రాము ఫైళ్లను కూడా అదే గ్రూపుకు అప్పగించి, వాటికి 640 చాలు. సర్వరు వాటిని చదవాలి గానీ దిద్దనక్కరలేదు. దారిలోని ప్రతి ఫోల్డరులోనూ సర్వరు ఖాతాకు నడిచే హక్కు ఉందో లేదో చూడండి. మూడో స్థానంలో సున్నా ఉన్నా పేజీ చక్కగా నడుస్తుందని మీ కళ్లతో మీరే చూస్తారు.

చిట్కాను సమర్థించేవారి వాదన

'ఇది ల్యాబులో యంత్రం, ఎవరొస్తారు? పని జరిగింది కదా!' అంటారు కొందరు. ఈ వాదనలో కొంత నిజం ఉంది. మీరొక్కరే వాడే, నెట్‌వర్కుతో సంబంధం లేని కంప్యూటరులో 777 వల్ల వెంటనే నష్టం జరగదు. ఇంకొక సంగతి కూడా ఉన్నదున్నట్లు చెప్పాలి. 777 ఇచ్చినంత మాత్రాన ఫైలు ఇంటర్నెట్టులో అందరి చేతికీ వచ్చేయదు. అందులోని 'అందరూ' అంటే ఆ కంప్యూటరులో ఖాతాలున్న అందరూ, అక్కడ నడిచే అన్ని ప్రోగ్రాములూ అని.

అయితే ఆ 'అందరిలో' వెబ్ సర్వరు కూడా ఉందని మరిచిపోకూడదు. మీ పేజీలో ఫోటో అప్‌లోడ్ చేసే సదుపాయం ఉందనుకుందాం. వచ్చిన ఫైలు నిజంగా ఫోటోనా కాదా అని మీరు సరిగా పరీక్షించలేదు. ప్రోగ్రాము ఫోల్డరులో రాసే హక్కు సర్వరుకు లేకపోతే ఆ పొరపాటు చాలావరకు అక్కడితో ఆగుతుంది. 777 ఉంటే మాత్రం, దుర్బుద్ధి ఉన్నవాడు ఫోటో పేరుతో ఒక ప్రోగ్రామునే అందులో పెట్టి, దాన్ని మీ సర్వరు చేతనే నడిపించవచ్చు. ఒకే సర్వరులో పదిమంది ప్రాజెక్టులు ఉంటే, డేటాబేసు పాస్‌వర్డు రాసి ఉన్న మీ ఫైలును పక్కవాళ్లు చదవగలరు, దిద్దగలరు. ఒక తప్పు దగ్గర ఆగాల్సిన నష్టం పది తప్పుల దాకా పాకుతుంది.

ఆసక్తికరమైన విషయమేమిటంటే, కొన్ని ప్రోగ్రాములు 777ను చూసి తామే పని మానేస్తాయి. అపాచీలో ఒక్కొక్కరి ప్రోగ్రామును వారి వారి ఖాతాతో నడిపే 'ఎస్‌యూ ఎగ్జెక్' అనే ఏర్పాటు ఉంది. ఇతరులు ఎవరైనా రాయగల ఫోల్డరులో ఉన్న ప్రోగ్రామును అది నడపడానికి ఒప్పుకోదు. మై ఎస్‌క్యూఎల్ తన అమరికల ఫైలులో ఎవరైనా రాయవచ్చని తెలిస్తే ఆ ఫైలును నమ్మదు, పక్కన పెట్టేస్తుంది. దూరపు సర్వరుకు వెళ్లడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రాము, మీ రహస్య తాళం ఫైలును ఇతరులు చదవగలరని చూస్తే దాన్ని వాడనంటుంది. అంటే ఎర్రరు పోగొట్టడానికి ఇచ్చిన 777 కొన్నిచోట్ల కొత్త ఎర్రరు తెచ్చిపెడుతుంది! 'అదైనా పని జరుగుతుంది' అన్న వాదన కూడా అక్కడ నిలవదు.

తలుపు తెరిచి ఉంచితే ఏమవుతుందో 2017 జనవరిలో ప్రపంచం చూసింది. పాస్‌వర్డు లేకుండా ఇంటర్నెట్టుకు తెరిచి ఉంచిన మాంగో డీబీ డేటాబేసుల్లోకి కొందరు చొరబడి, వివరాలను తుడిచేసి, తిరిగి కావాలంటే డబ్బు పంపమని చీటీలు వదిలారు. అలా వేల డేటాబేసులు దెబ్బతిన్నాయి. అక్కడ తాళం ఎవరూ పగలగొట్టలేదు, అసలు తాళమే వేయలేదు. ఆ ఏడాది నవంబరులో వచ్చిన 3.6 వెర్షను నుంచి ఆ డేటాబేసు మొదట తానున్న కంప్యూటరుకు మాత్రమే జవాబిస్తుంది; బయటికి తెరవాలంటే మనమే ఆ సంగతి చెప్పాలి.

మంచి సందేశం ఎలా ఉంటుంది?

సందేశాలన్నీ చెడ్డవే అనకూడదు. మై ఎస్‌క్యూఎల్ ఇచ్చే 1142 నంబరు ఎర్రరు చూడండి. 'ఇన్సర్ట్ కమాండ్ డినైడ్ టు యూజర్' అని మొదలై, ఆ యూజరు పేరు, అతను ఏ కంప్యూటరు నుంచి వచ్చాడు, ఏ టేబులులో చేర్చబోయాడు అన్నీ చెబుతుంది. ఎవరు, ఏ పని, ఎక్కడ, మూడూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఇది చదివినవారు ఆ యూజరుకు ఆ టేబులులో చేర్చే హక్కు ఒక్కటే ఇవ్వగలరు. అపాచీ 2.4 తన లాగ్ ఫైలులో రాసే మాట కూడా మెచ్చుకోదగినదే. దారిలోని ఏదో ఒక ఫోల్డరులో నడిచే హక్కు లేకపోతే, ఫైలు దారిని చూపించి, ఆ దారిలో ఒకచోట 'సెర్చ్ పర్మిషన్' లేదని చెబుతుంది. ఆ 'ఒకచోట' ఏదో కూడా చెప్పి ఉంటే ఇంకా బాగుండేది.

మరి బ్రౌజరులో కనిపించే '403 ఫర్బిడెన్' అంత పొట్టిగా ఎందుకుంది? దానికి కారణం ఉంది. ఆ సందేశం చదివేది బయటి సందర్శకుడు. సర్వరు అతని కోరికను అర్థం చేసుకుంది, కానీ తీర్చనంటోంది. అంతవరకు తెలిస్తే చాలు. ఏ ఖాతా, ఏ ఫోల్డరు, ఏ టేబులు అన్నవి అతనికి చెబితే దొంగకు ఇంటి పటం గీసి ఇచ్చినట్లే. అటువంటి ఫైలు ఉందన్న సంగతి కూడా దాచాలనుకుంటే 403 బదులు '404 నాట్ ఫౌండ్' చూపించవచ్చని వెబ్ ప్రమాణాలే అనుమతిస్తున్నాయి.

కాబట్టి ఒకే తప్పుకు రెండు సందేశాలు కావాలి. బయటివారికి పొట్టిది, లోపలివారికి పూర్తిది. యాక్సెస్ సందేశం మీద మన ఫిర్యాదు అది పొట్టిగా ఉందని కాదు. లోపలివాడికి కూడా అది అసలు విషయం చెప్పలేదు, పైగా లేని తప్పును చూపించింది. విద్యార్థులు చేసే తప్పు దీనికి తలకిందులుగా ఉంటుంది. పూర్తి సందేశాన్ని పేజీ మీదే చూపిస్తూ ప్రాజెక్టును అలాగే అందరికీ తెరిచేస్తారు. కాలేజీ బయటి మనిషికి మీ టేబులు పేర్లు ఎందుకు?

ఇది కొత్తగా తెలిసిన సంగతా?

కానే కాదు. 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కంప్యూటరులోని సమాచారానికి రక్షణ గురించి ఒక వ్యాసం రాశారు. అందులో ఎనిమిది సూత్రాలు చెప్పారు. వాటిలో మూడు మన విషయానికి సూటిగా తగులుతాయి. ప్రతి ప్రోగ్రాముకూ తన పనికి చాలినన్ని హక్కులే ఉండాలన్నది ఒకటి. ఏమీ చెప్పనప్పుడు తలుపు మూసి ఉండాలి, అనుమతి ఇస్తేనే తెరుచుకోవాలి అన్నది రెండోది. మూడోదాన్ని మాత్రం చాలామంది మరిచిపోతారు: రక్షణ ఏర్పాటు మనుషులు అలవోకగా, సరిగ్గా వాడగలిగేంత తేలికగా ఉండాలి.

777 చిట్కా మొదటి రెండు సూత్రాలనూ కాలదన్నుతుంది. దారి తప్పించే ఎర్రరు సందేశం మూడో సూత్రాన్ని కాలదన్నుతుంది. మూడోది చెడితే మొదటి రెండూ తప్పకుండా చెడతాయి. సరైన దారి కనిపించనప్పుడు మనిషి అడ్డదారి తొక్కుతాడు. ల్యాబు రికార్డుల్లో 'ఇప్పుడు ఫోల్డరుకు 777 ఇవ్వుము' అని ఒక మెట్టుగా రాయించడం ఆ అడ్డదారికి సిమెంటు పోయడమే. అలాగే నేర్చుకోవడానికి ఉద్దేశించిన జాంప్ లాంటి సాఫ్ట్‌వేరులో డేటాబేసు 'రూట్' ఖాతాకు పాస్‌వర్డు ఖాళీగా ఉంటుంది. అది సొంత కంప్యూటరులో అభ్యాసం కోసమని దాన్ని తయారు చేసినవారే చెబుతున్నారు. అయినా అదే 'రూట్'తో పనిచేసే ప్రోగ్రామును ఎత్తి సర్వరులో పెడతాం. ఉబుంటు సర్వరులో ఆ 'రూట్'ను వెబ్ పేజీ ద్వారా మామూలుగా రానివ్వరు. 'యాక్సెస్ డినైడ్' వస్తుంది. అది మేలు చేసే తిరస్కారం. పోటీల పేజీకి డేటాబేసు మొత్తాన్ని చెరిపేయగల ఖాతా ఎందుకు? ఆ పేజీ కోసం విడిగా ఒక యూజరును పుట్టించి, పేర్ల టేబులును చదివే హక్కు, అందులో చేర్చే హక్కు ఇస్తే చాలు.

తయారీదార్లు మారగలరని చెప్పే ఉదాహరణ కూడా ఉంది. 2001 జులైలో కోడ్ రెడ్ అనే పురుగు ఐఐఎస్ సర్వర్ల మీద పడి ప్రపంచమంతా పాకింది. 2003లో వచ్చిన విండోస్ సర్వరులో ఐఐఎస్‌ను మైక్రోసాఫ్ట్ ముందుగా స్థాపించి ఇవ్వలేదు. కావాలని పెట్టుకున్నా మొదట మారని మామూలు పేజీలు మాత్రమే చూపించేది; ఏఎస్‌పీ కావాలంటే మనమే తెరవాలి. తలుపు మూసి అమ్మడం ఎలాగో దెబ్బ తిన్నాక నేర్చుకున్నారు.

మీరు చేయవలసినది

ఈసారి 'అనుమతి లేదు' అన్న మాట కనిపిస్తే, అంకెలు మార్చే ముందు ఈ ప్రశ్నలు వరుసగా వేసుకోండి.

మొదటిది, వద్దన్నది ఎవరు? 403 అయితే వెబ్ సర్వరు. 'రీడ్ ఓన్లీ డేటాబేస్' అయితే ఫైళ్ల హక్కులు. యూజరు పేరుతో 'యాక్సెస్ డినైడ్' అయితే డేటాబేసు. మూడు గుమ్మాలకు మూడు తాళాలు. ఒకదాని తాళంచెవి ఇంకోదానికి పట్టదు. డేటాబేసు వద్దంటే ఫోల్డరుకు 777 ఇవ్వడం వృథా.

రెండోది, అడిగింది ఏ ఖాతా? సర్వరు ఏ పేరుతో నడుస్తోందో చూడండి.

మూడోది, ఏ పని ఆగింది? చదవడమా, రాయడమా, కొత్త ఫైలు పుట్టించడమా, దారిలో నడవడమా?

నాలుగోది, లాగ్ ఫైలులో ఏముంది? తెరమీది వాక్యం కన్నా అక్కడ ఎక్కువ ఉంటుంది.

ఐదోది, అన్ని హక్కులూ సరిగా ఉన్నా ఆగుతోందా? రెడ్‌హ్యాట్ వంటి లినక్సుల్లో ఎస్‌ఈ లినక్స్ అనే మరో కాపలాదారు ఉంటాడు. వెబ్ సర్వరు వేరే కంప్యూటరులోని డేటాబేసును పిలవకుండా అతను ఆపవచ్చు. దీనికీ ఒక చెడ్డ చిట్కా ప్రచారంలో ఉంది: కాపలాదారునే తీసేయమని. అక్కరలేదు. వెబ్ సర్వరు డేటాబేసుతో మాట్లాడవచ్చు అని చెప్పే ప్రత్యేకమైన మీట ఒకటి ఉంది, అది వేస్తే చాలు.

ఇక చివరగా, మరమ్మతు అయిందో లేదో తేల్చే పరీక్ష. పేజీ తెరుచుకుంటే సగం పరీక్ష మాత్రమే నెగ్గినట్లు. జరగకూడనివి జరగడం లేదని చూడడం రెండో సగం. డేటాబేసు ఫైలు పేరును బ్రౌజరులో టైపు చేయండి. అది దిగుమతి కాకూడదు. అదే సర్వరులో ఇంకొక మామూలు ఖాతాతో మీ పాస్‌వర్డు ఫైలును చదవబోండి, చదవలేకపోవాలి. పోటీల పేజీ వాడే డేటాబేసు యూజరుతో టేబులును చెరిపేయబోండి, అదీ ఖాళీ టేబులు మీదే సుమా, కుదరకూడదు. ఈ మూడుచోట్లా కాదన్న జవాబే రావాలి. వస్తే సంతోషించండి.

ఇదంతా వార్షికోత్సవ పేజీకి అవసరమా అని అడగవచ్చు. ఆ డేటాబేసులో ఉన్నవి మీ తోటి విద్యార్థినీ విద్యార్థుల పేర్లు, ఫోన్ నంబర్లు. వాళ్లు మిమ్మల్ని నమ్మి రాశారు. 2023లో మన పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, వ్యక్తుల వివరాలు సేకరించేవారు వాటికి తగిన రక్షణ కల్పించాలని చెబుతోంది. ఆ బాధ్యత తప్పితే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించవచ్చు. రేపు మీలో కొందరు ఆసుపత్రుల, బ్యాంకుల, ప్రభుత్వ శాఖల పేజీలు తయారు చేస్తారు. ఇవాళ ల్యాబులో ఏ అలవాటు చేసుకుంటారో అదే అక్కడికీ మీ వెంట వస్తుంది. అందుకే వచ్చే ల్యాబు తరగతిలో మీ రికార్డులో 777 అన్న మెట్టు కనిపిస్తే, 'ఇది ఎవరికి, ఏ పనికి, ఎక్కడ కావాలి?' అని మీ మాస్టారిని అడగండి.